రోగి ఇంటికి వచ్చాక సంఘం చేయవలసిన పని



కొంతకాలం క్రితం ఒక సంఘ పెద్దను పక్షవాతంతో మన ఆసుపత్రికి తీసుకొచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా వస్తోంది. దేవుని కృపవల్ల ప్రాణానికి గండం తప్పింది. బి.పి. అదుపులోకి వచ్చింది, గొంతు కొంచెం తేరుకుంది, జావ మింగగలిగారు. పంపేటప్పుడు ఆయన ఒంటి మీద ఒక్క పుండు కూడా లేదు. ఆరు వారాల తరువాత అదే మనిషిని మళ్లీ తీసుకొచ్చారు. నడుము కింద, పిరుదుల మధ్య, అరచేయంత పుండు. కట్టు విప్పితే లోపల ఎముక కనబడింది. వాసనకు వార్డులో పక్క మంచాలవాళ్లు ముఖం తిప్పుకున్నారు.

మేము ఆయన కోడలిని కాస్త గట్టిగానే అడిగాం. "రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పమని చెప్పాం కదమ్మా, కాగితం మీద రాసి కూడా ఇచ్చాం కదా?" అని. ఆమె కడియం నర్సరీలో రోజుకూలికి వెళ్లే మనిషి. భర్త ఆటో తోలుతాడు. ఆమె మాకు ఎదురు చెప్పలేదు. "మొదటి ఆదివారం యాభై అరవై మంది వచ్చారండి. పాస్టరు గారు ప్రార్థన చేశారు. అందరూ ఆపిల్ పళ్లు, హార్లిక్స్ సీసాలు తెచ్చారు. రెండో వారం పదిమంది వచ్చారు. మూడో వారం నుంచి నేనూ మామయ్య గారే అండి. ఆయన బరువు నేనొక్కదాన్నీ తిప్పలేకపోయానండి" అంది.

ఆ మాట విన్నాక మేము కాగితం సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎందుకంటే మన వార్డులో ఆయనను తిప్పింది ఒక్కరు కాదు. ఉదయం డ్యూటీలో ఇద్దరు, సాయంత్రం ఇద్దరు, రాత్రి ఇద్దరు, వారికి తోడు ఆయాలు, వార్డుబాయ్‌లు, ఫిజియోథెరపీ చేసే అబ్బాయి. ఇంతమంది మూడు డ్యూటీలలో చేసిన పనిని, ఒక కాగితం మీద రాసి, కూలికి వెళ్తే గాని పూట గడవని ఒక్క ఆడమనిషి చేతిలో పెట్టి పంపించాం. ఇందులో మా తప్పు ఉంది. సంఘం తప్పు కూడా కొంత ఉంది. అందుకే ఈసారి మందుల గురించి కాకుండా, రోగి ఇంటి దగ్గర విశ్వాసులు జట్టుగా ఎలా పని చేయాలో రాస్తున్నాం.

మన సంఘాలలో ప్రేమకు తక్కువ లేదు. అరవై మంది రావడం చిన్న సంగతి కాదు. కాని పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఊరకే అనలేదు. ప్రతివారూ "ఇంకెవరో వెళ్తారులే" అనుకుంటారు. స్త్రీల సమాజం వాళ్లు యౌవనస్థులు చూస్తారనుకుంటారు, యౌవనస్థులు పెద్దలు చెబితే చూద్దామనుకుంటారు, పెద్దలు పాస్టరు గారు ఉన్నారు కదా అనుకుంటారు. పాస్టరు గారికి మూడు ఊళ్ల సంఘాలు! ఎవరిలోనూ చెడ్డ మనసు లేదు, అయినా పుండు పడింది.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చదివినవారికి ఇది కొత్త ఇబ్బంది కాదని తెలుస్తుంది. యెరూషలేము సంఘంలో కొందరు విధవరాండ్రకు రోజువారీ భోజనం సరిగా అందలేదు. అపొస్తలులు అప్పుడు "అందరూ ఇంకా ప్రేమగా ఉండండి" అని ప్రసంగం చేసి ఊరుకోలేదు. ఏడుగురిని పేరు పేరునా ఏర్పరచి ఆ పని అప్పగించారు. మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువు గల మనిషిని తెచ్చినవారు నలుగురు. మేము నర్సులం గనుక ఆ భాగం చదివినప్పుడు మా చూపు ఆ నలుగురు పట్టుకున్న మూలల మీదకే పోతుంది. నలుగురిలో ఒక్కరు తన మూల వదిలినా రోగి కింద పడతాడు. పైకప్పు ఎక్కించేటప్పుడు మరీను. అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరు అన్నట్టు, ముందు నడిచి దారి చూపేవారు ఎంత అవసరమో, మూల పట్టుకునేవారు అంతకన్నా అవసరం.

మన గోదావరి ఒడ్డునే దీనికి సాక్ష్యాలు ఉన్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరు మన జిల్లాల్లో పిల్లలకు కూడా తెలుసు. 1847లో మొదలుపెట్టి 1852కు ముగించారు. నది మధ్య లంకలను ఆధారం చేసుకొని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టారు. ఆయన పక్కనే నిలబడి కూలీలను కూడగట్టి పని నడిపించిన మన తెలుగువాడు వీణం వీరన్న పేరు ఎంతమందికి తెలుసు? పేరు తెలియని వేలమంది రాళ్లు మోశారు. అప్పట్లో పాలకొల్లులో ఉండి పని చేస్తున్న విలియం బౌడెన్ వంటి మిషనరీలు ఆ కూలీల మధ్యకే వచ్చి సువార్త చెప్పారు. బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు 1836లో మన దేశానికి వచ్చాయి. ఒక్కరుగా రాలేదు, జంటగా వచ్చారు, ఆ పని గోదావరి డెల్టా మిషన్‌గా నిలిచింది.

రాజమహేంద్రవరం లూథరన్ పని చరిత్రలో మాకు బాగా నచ్చిన సంగతి మరొకటి ఉంది. 1842లో గుంటూరుకు వచ్చిన హయ్యర్ గారు మధ్యలో అమెరికా వెళ్లి వైద్యం చదివి, 1847లో డాక్టరు పట్టా తీసుకొని మళ్లీ వచ్చారు. పాస్టరూ ఆయనే, డాక్టరూ ఆయనే. వయసు మీరాక స్వదేశం వెళ్లిపోయారు. 1869లో, పని చేసేవారు లేక రాజమండ్రి మిషన్‌ను వేరే మిషన్‌కు అప్పగించేయాలని అక్కడివారు అనుకుంటున్నప్పుడు, 76 ఏళ్ల వయసులో ఆయన లేచి "నేను వెళ్తాను" అన్నారు. అందరూ ఇంతవరకే చెబుతారు. ఆ తరువాత జరిగింది మాకు ఇంకా విలువైనదిగా కనిపిస్తుంది. ఆయన ఇక్కడ ఎంతోకాలం ఉండలేదు. 1870లో ష్మిట్ గారు వంటి చిన్నవయసు వారు వచ్చారు. వారికి పని అప్పగించి 1871లో హయ్యర్ గారు వెళ్లిపోయారు. నర్సుల భాషలో చెప్పాలంటే ఆయన మంచి హ్యాండోవర్ ఇచ్చారు.

ఆసుపత్రిలో హ్యాండోవర్ అంటే ఏమిటో తెలియనివారికి చెబుతాం. డ్యూటీ దిగే నర్సు, ఎక్కే నర్సు ఇద్దరూ కలిసి మంచం మంచం దగ్గరకు వెళ్తారు. ఈయనకు ఏమి ఇచ్చాం, ఏమి ఇవ్వలేదు, చివరిసారి ఎప్పుడు తిప్పాం, మూత్రం ఎంత వచ్చింది, మడమ దగ్గర ఎర్రగా ఉంది చూడు అని చెప్పి, పుస్తకంలో రాసి, అప్పుడు ఇంటికి వెళ్తారు. ఎంత మంచి నర్సు అయినా చెప్పకుండా వెళ్లిపోతే రోగికి నష్టమే. సంఘంలో మనకు లోపించేది ఈ అప్పగింతే అని మా అభిప్రాయం.

ఇక పని సంగతికి వద్దాం. పక్షవాతం వచ్చి మంచం పట్టిన మనిషి ఇంటికి వచ్చినప్పుడు ఏమేమి చేయాలి, ఎవరు చేయగలరు?

అన్నిటికన్నా ముఖ్యం తిప్పడం. కదలలేని మనిషి ఒకే పక్క పడుకుంటే ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, రక్తం ఆడక చచ్చిపోతుంది. నడుము కింద, తుంటి పక్కల, మడమల దగ్గర, చీలమండల దగ్గర చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి తీయండి. తెల్లబడి మళ్లీ ఎరుపు వస్తే ఇంకా సమయం ఉంది. నొక్కినా ఎరుపు పోకపోతే లోపల దెబ్బ మొదలైనట్టే. నల్లని చర్మంలో ఎరుపు సరిగా కనబడదు, చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగానో గట్టిగానో తగులుతుంది. ఆ చోటు మీద ఇక బరువు పడనివ్వకూడదు, రుద్దకూడదు. చాలా ఇళ్లలో కొబ్బరినూనె వేసి గట్టిగా మర్దన చేస్తారు, నలిగిన చర్మం ఇంకా నలుగుతుంది. మధ్యలో రంధ్రం ఉన్న గాలి ట్యూబు మీద కూర్చోబెట్టడం కూడా మానండి. ఎయిర్ బెడ్ కొనగలిగితే మంచిదే, కాని ఎయిర్ బెడ్ ఉంది కదా అని తిప్పడం మానకూడదు. రాత్రిపూట ఎంత వ్యవధి ఇవ్వవచ్చో రోగిని చూసి మేము చెబుతాం.

తిప్పడానికి ఇద్దరు కావాలి. ఒక దుప్పటిని మడిచి రోగి భుజాల నుండి తొడల దాకా కింద పరిచి ఉంచండి. చెరో పక్క నిలబడి ఆ దుప్పటి అంచులు పట్టుకొని ఎత్తి జరపండి. ఈడ్చవద్దు, ఈడిస్తే చర్మం లేచిపోతుంది. పడిపోయిన చెయ్యి పట్టుకొని లాగడం అసలే వద్దు, భుజం కీలు జారుతుంది. వీపు వెనుక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒక దిండు, పిక్కల కింద ఒకటి పెట్టి మడమలు పరుపును తాకకుండా చూడండి. ఈ పని నేర్చుకోవడానికి చదువు అక్కరలేదు, అరగంట చాలు. ఒక్కరికి మాత్రం ఇది చాలా కష్టం. ఇందుకే జట్టు కావాలంటున్నాం.

తినిపించడం రెండో పని. ఇది ఓపిక ఉన్న పెద్దమ్మలకు తగినది. పడుకోబెట్టి నోట్లో నీళ్లు పోయకూడదు. వెనుక దిళ్లు పెట్టి కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగాక ఇంకొకటి పెట్టాలి. బాగున్న పక్క నోటిలో పెట్టండి. పలుచని నీళ్లకన్నా చిక్కని జావ కొందరికి సులువుగా దిగుతుంది. పొర పోయినా, దగ్గు వచ్చినా, తిన్నాక గొంతు గరగరలాడినా ఆపేసి మాకు చెప్పాలి. అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది, మంచాన పడిన వారి ప్రాణం తీసేది చాలాసార్లు అదే. తిన్న తరువాత అరగంట దాకా పడుకోబెట్టవద్దు. పరామర్శకు వచ్చినవారు ప్రేమకొద్దీ నోట్లో ద్రాక్షపండు పెట్టబోతారు. దయచేసి ఆపండి.

మూత్రానికి గొట్టం వేసి ఉంటే సంచి ఎప్పుడూ నడుముకన్నా కిందికి వేలాడాలి, నేలకు తగలకూడదు. ముట్టుకునే ముందు, ముట్టుకున్న తరువాత చేతులు సబ్బుతో కడగాలి. ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం స్త్రీలకు స్త్రీలే, పురుషులకు పురుషులే చేయాలి. ఇది చెప్పనక్కరలేదు అనుకుంటాం గాని, ఒక తల్లి తన సిగ్గు మాకు చెప్పుకొని ఏడ్చింది గనుక రాస్తున్నాం.

చేతులు వేయలేనివారికి కూడా పని ఉంది. నెల నెలా బి.పి. మాత్రలు, షుగరు మాత్రలు అయిపోకముందే తెచ్చేవారు ఒకరు కావాలి. ఫిజియోథెరపీకి తీసుకెళ్లే ఆటో ఒకరు చూడవచ్చు. వారానికి రెండు పూటలు కూర పంపితే ఆ ఇంటి కోడలు పొయ్యి దగ్గర నుంచి లేచి ఒక గంట నిద్రపోతుంది. సేవ చేసే మనిషికి నిద్ర కూడా వైద్యమే. ఆ ఇంటి పిల్లలకు లెక్కలు చెప్పడం కూడా ఈ పరిచర్యలో భాగమే. మా వార్డులో నేల తుడిచే అమ్మ ఒక్కరోజు రాకపోతే డాక్టరు గారి చదువంతా ఉన్నా వార్డు నడవదు. 1 కొరింథీ 12వ అధ్యాయం మాకు అర్థమైంది ఆ వార్డులోనే.

కొవ్వూరు వైపు ఒక గ్రామంలో ఇది చక్కగా చేశారు. అక్కడ మంచాన పడింది ఒక అమ్మమ్మ, ఇంట్లో ఉన్నది కూతురొక్కతే. స్త్రీల సమాజంలో ఒక టీచరమ్మ ఇరవై పేజీల నోటు పుస్తకం కొని మంచం తలగడ పక్కన దారంతో కట్టింది. వారానికి ఏడు రోజులు, ఏడు ఇళ్లు. సోమవారం ఫలానా ఇల్లు, మంగళవారం ఫలానా ఇల్లు. ఆ రోజు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం వచ్చి కూతురితో కలిసి తిప్పడం, ఒళ్లు చూడడం, పుస్తకంలో రాయడం ఆ ఇంటివారి పని. మధ్యలో తిప్పడానికి పక్కింటి ఆమె వస్తుంది. రాలేని రోజు వస్తే ముందు రోజే ఇంకొకరితో మార్చుకోవాలి, ఊరకే మానడం లేదు. రాత్రులు కూతురు చూస్తుంది, వారానికి రెండు రాత్రులు టీచరమ్మ, ఆమె చెల్లెలు వచ్చి కూతుర్ని పడుకోమంటారు.

మూడో నెలలో పరీక్షకు తీసుకొచ్చినప్పుడు ఆ పుస్తకం మాకు చూపించారు. అక్షరాలు తప్పులు, ఒక చోట కూర మరక. "ఎడం మడమ ఎర్రగా ఉంది, దిండు పెట్టేం" అని ఎవరో రాశారు. మరునాడు ఇంకొకరు "మడమ తగ్గింది" అని రాశారు. మా నర్సింగ్ విద్యార్థినులకు దాన్ని చూపించి ఇదే హ్యాండోవర్ అని చెప్పాం. అమ్మమ్మ ఒంటి మీద పుండు లేదు.

అందులో ఇంకో సంగతి ఉంది. ఆ ఏడు ఇళ్లలో నాలుగు మాత్రమే అమ్మమ్మ సంఘానివి. రెండు వేరే సంఘానివి, ఒక ఇల్లు అసలు క్రైస్తవులే కాదు, పొరుగువారు. మొదట్లో కొందరు పెద్దలకు ఇది నచ్చలేదట. మన ఊళ్లలో ఒకే వీధిలో మూడు మందిరాలు ఉంటాయి, ఒకరి గుడారపు పండుగకు ఒకరు వెళ్లరు. మేము ఈ విషయంలో ఎవరినీ వేలెత్తి చూపం, మా కుటుంబాలలోనే ఉంది. కాని వైద్య పరిచర్య మొదటినుంచీ ఆ గోడలు దాటింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి 1915లో తెరిచినప్పుడు దాని పేరులోనే 'యూనియన్ మిషన్' అని ఉంది. క్షయకు మందు లేని రోజులవి, నెలల తరబడి రోగిని ఉంచుకొని చూడాలి, ఏ ఒక్క మిషనూ ఆ భారం మోయలేదు. అందుకని పలు మిషన్‌లు కలిసి మోశాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమొట్ మోలర్ గారు దానికి మొదటి సూపరింటెండెంటు. మన ఊరి లూథర్‌గిరిలోనే 1964లో లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు, సి.ఎస్.ఐ. సంఘాలు కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ప్రారంభించాయి, తరువాత అది హైదరాబాదుకు తరలింది. పాస్టర్లు కలిసి చదవగలిగినప్పుడు విశ్వాసులు కలిసి ఒక అమ్మమ్మను తిప్పలేరా?

జట్టు కట్టేవారికి కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. రోగి జబ్బు వివరాలు ప్రార్థన విన్నపాల పేరుతో మైకులో చెప్పవద్దు. రోగి ఒప్పుకున్నంతే చెప్పండి. హెచ్.ఐ.వి., క్షయ, మానసిక జబ్బులు ఉన్నవారి కుటుంబాలు సంఘానికి రావడం మానేసిన సందర్భాలు మాకు తెలుసు, కారణం ఆ మైకే. డబ్బు పోగుచేస్తే ఇద్దరు లెక్క రాయండి, ఒక్కరి చేతిలో ఉంచవద్దు. ఇంటివారు అడగనిదే వంటింట్లోకి, బీరువాలోకి చూడవద్దు. మరొకటి, ఎవరికైనా కోపం వచ్చినా రాయకుండా ఉండలేం. "ప్రార్థన చేశాం కదా, ఇక మాత్రలు మానేయండి" అని ఎవరు చెప్పినా వినవద్దు. మేమూ ప్రతి ఉదయం వార్డులో ప్రార్థన చేసే మందులు ఇస్తాం. బి.పి. మాత్ర మానేసి రెండోసారి పక్షవాతంతో వచ్చినవారిని చూశాం. రెండోసారి వచ్చినది మొదటిదానికన్నా గట్టిగా కొడుతుంది.

జట్టులో ప్రతి ఒక్కరికీ తెలియవలసిన ప్రమాద సూచనలు ఇవి. జ్వరం, ఆయాసం, కొత్తగా మగత, మూత్రం ఆగడం లేదా చిక్కగా వాసనతో రావడం, ఒక కాలు వాచి నొప్పి రావడం, చర్మం చిట్లడం, ఇవి కనబడితే ఆదివారం ఆరాధన అయ్యేదాకా ఆగవద్దు. పుండు మీద పసుపు, పౌడరు, స్పిరిట్ వేయకుండా తీసుకురండి. మూతి వంకర పోవడం, చెయ్యి వాలిపోవడం, మాట తడబడడం ఎవరిలోనైనా ఉన్నట్టుండి కనబడితే వెంటనే 108కి ఫోను చేయండి, మొదలైన వేళ గుర్తుపెట్టుకోండి. గడ్డ కరిగించే ఇంజక్షను తగినవారికి మొదటి నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, ఎంత ముందైతే అంత మేలు.

ఆ సంఘ పెద్ద సంగతి చెప్పలేదు కదూ. ఆయన మన దగ్గర రెండు నెలలకు పైగా ఉన్నారు. పుండు మానుతూ వచ్చింది గాని పూర్తిగా మూసుకోలేదు. ఈసారి ఇంటికి పంపే ముందు పాస్టరు గారికి కబురు చేశాం. ఆయన ఆరుగురిని తీసుకొని వచ్చారు. నలుగురు స్త్రీలు, ఇద్దరు యౌవనస్థులు. వారికి రెండు మధ్యాహ్నాలు మంచం దగ్గరే నేర్పించాం. ఒక అబ్బాయి మొదట పుండు చూసి బయటికి వెళ్లిపోయాడు. కాసేపటికి మళ్లీ లోపలికి వచ్చి దుప్పటి అంచు పట్టుకున్నాడు. కోడలు పక్కన కూర్చొని వారు చేస్తుంటే చూసింది, చెయ్యి వేయలేదు, మేమూ వేయమనలేదు.

అప్పటినుంచి మా వార్డులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. మంచాన ఉన్న రోగిని పంపే ముందు ఇంటి నుంచి గాని, సంఘం నుంచి గాని, పొరుగు నుంచి గాని కనీసం ముగ్గురు వచ్చి నేర్చుకోవాలి. శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు మెడికల్ వార్డుకు రండి. ఏ సంఘం అని అడగం. రుసుము లేదు. ఒక పాత దుప్పటి, ఒక నోటు పుస్తకం వెంట తెచ్చుకోండి.